అరబస్తా లెక్క

ఈ మధ్యాహ్నం వర్షానికి బేరాలు పలచగా ఉండడంతో, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న లెక్కకు కూర్చున్నాను. కొట్టులో ఏ సరుకు ఎంత మిగిలినప్పుడు మళ్లీ తెప్పించుకోవాలి, అంటే దాని రీఆర్డర్ పాయింటు ఎంత అన్నది ఇన్నాళ్లూ నాన్నగారి కంటి అంచనాయే. ముప్పై కిలోల కందిపప్పు బస్తా సగానికి దిగితే రాజమండ్రి హోల్‌సేల్ కొట్టుకు ఫోను చేస్తారు.

సూత్రం చిన్నదే. సగటున రోజుకు అమ్ముడయ్యే సరుకును, ఆర్డరు పెట్టిన నాటి నుంచి అది కొట్టు చేరడానికి పట్టే రోజులతో హెచ్చవేసి, ఆపదకు కొంత అదనపు నిల్వ కలపాలి. గత 30 రోజుల పద్దులో కందిపప్పు 150 కిలోలు, అంటే రోజుకు 5. సరుకు రావడానికి 3 రోజులు. మొత్తం 15 కిలోలు, సరిగ్గా నాన్నగారి అరబస్తా! ఆయన అంచనా మీద గౌరవం పెరిగింది, ఒక గంటసేపు.

ఆ తరువాత పద్దులో వరుసగా ఐదు సున్నాలు కనిపించాయి. ఆ ఐదు రోజులూ కొట్టులో పప్పు లేదు, "కందిపప్పుందాండీ?" అని వచ్చినవారిని ఉత్త చేతులతో పంపింది నేనే. ఎవరూ అడగక పడిన సున్నాకూ, సరుకు లేక పడిన సున్నాకూ పద్దులో తేడా తెలియదు. సగటు తీసేటప్పుడు లేని రోజులను కూడా కలుపుకుంటే, ఒకసారి అయిపోయిన సరుకు వచ్చే నెల ఇంకా తక్కువ తెప్పించమని చెబుతుంది. 150ని 25తో భాగిస్తే రోజుకు 6 కిలోలు. అదనపు నిల్వ లేకుండానే 18.

ఇక అదనపు నిల్వ. రోజుకు గరిష్ఠ అమ్మకాన్ని, సరుకు చేరడానికి పట్టే గరిష్ఠ రోజులతో హెచ్చవేసి, అందులోంచి సగటు లెక్కను తీసివేస్తే అది వస్తుంది. రెండు చెడ్డ రోజులూ ఒకేసారి ఎందుకు వస్తాయి, ఇది అతిజాగ్రత్త కాదా అని మొదట అనిపించింది. కానీ ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, లంకలవారు రేవు దాటి వచ్చి వారానికి సరిపడా సరుకులు కట్టించుకుంటారు; మా లారీ ఆలస్యమయ్యేదీ అప్పుడే. గోదావరి ఒడ్డున ఆ రెండూ జంటగానే వస్తాయి. వరద రోజుల్లో రోజుకు 10 కిలోల అమ్మకం, సరుకు చేరడానికి 6 రోజులు: 60 కిలోలు, రెండు బస్తాలు. అందులో 42 కిలోలు అదనపు నిల్వే.

ఏడాది పొడవునా 60 అంటే డబ్బు గోనెసంచిలో కట్టిపెట్టినట్టే, పైగా నిల్వ ఉన్న పప్పుకు పురుగు భయం. అందుకే జూలై నుంచి సెప్టెంబరు వరకు 60, మిగతా నెలల్లో 8 కిలోల చొప్పున 4 రోజులకు 32 అని రాసుకున్నాను. శ్రావణ శుక్రవారాల పచ్చిశనగపప్పు, బెల్లం లెక్క వేరు. వాటికి ఆషాఢపు సగటు పనికిరాదు, నిరుటి శ్రావణం పద్దు తీయాలి.

సాయంత్రం నాన్నగారు లెక్క చూసి, కొట్టులో 22 కిలోలే ఉన్నాయని రెండు బస్తాలకు ఫోను తీశారు. నిన్న చెప్పిన బస్తా ఒకటి దారిలో ఉందని గుర్తుచేశాను. అది కలిపితే 52, అయినా 60 గీతకు కిందే. "అయితే ఒకటే చెబుతానురా" అని ఒక బస్తా చెప్పారు. పద్దులోని ఆ ఐదు సున్నాలనూ ఎర్ర సిరాతో కొట్టివేసి, వాటి చోట "సరుకు లేదు" అని రాసి కొట్టు కట్టేశాను.