బిగించినవి విప్పడంతో మొదలైంది

ఆటోక్రాస్ పోటీలో కారు తిరిగి తిరిగి ఆగేసరికి నా ముఖం వచ్చిన దారివైపే ఉంది. ఇప్పుడే దాటొచ్చిన కోన్‌లలో మూడు పడిపోయాయి, ఇంకోటి బంపర్ కింద ఇరుక్కుంది. జెండా పట్టుకున్న వాలంటీర్ పరుగున వచ్చి "బాగానే ఉన్నావా?" అని సైగ చేశాడు. తలూపాను. రెండు నెలల శని, ఆదివారాలూ, దాచుకున్న డబ్బూ ధారపోసి కారును 'రేస్‌కి రెడీ' చేశాక జరిగింది ఇది. అంతకుముందు, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్నప్పుడు, ఇదే కారు ఒక్కసారి కూడా స్పిన్ అవలేదు.

ఆటోక్రాస్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదో కోన్‌లతో దారి వేస్తారు. ఒక్కొక్కరుగా వెళ్లాలి, పక్కన ఇంకో కారు ఉండదు, గడియారంతోనే పోటీ. ఒక రౌండ్ నిమిషంలోపే అయిపోతుంది. మేము పాటించే నిబంధనల ప్రకారం కోన్ పడితే 2 సెకన్లు కలుపుతారు, గేట్ (దాటాల్సిన రెండు కోన్‌ల మధ్య సందు) తప్పితే ఆ రౌండ్ లెక్కలోకే రాదు. నా కారయితే మొత్తం రెండో గేర్‌లోనే సరిపోతుంది. మిగతా సమయంలో ఎండలో నిలబడి ఇతరులు పడగొట్టిన కోన్‌లు నిలబెట్టాలి. అది కూడా ఆటలో భాగమే.

నాది రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, రెండో తరం మాజ్డా ఎంఎక్స్-5. ఆ తరం 1998 నుంచి 2005 వరకు వచ్చింది. 1.8 లీటర్ల ఇంజిన్, టన్నుకు కాస్త పైన బరువు, ఆ బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పంచుకుని ఉంటుంది. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. ఈ ఆటకి పుట్టిన కారే. కానీ మొదటి పోటీలో చివరి నుంచి రెండో స్థానం వచ్చేసరికి తప్పు కారుదే అనిపించింది. మలుపుల్లో ఒరిగిపోతోంది, టైర్లు కీచుమంటున్నాయి, పికప్ లేదు. మరి డ్రైవర్ సంగతి? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటికి రాగానే కొనుగోళ్లు మొదలు. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగ్‌లు, వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ (మలుపుల్లో ఒరుగుడు తగ్గించే కడ్డీ), 17 అంగుళాల చక్రాలు, ఇంజిన్‌కి గాలి అందించే కొత్త ఎయిర్ ఇన్‌టేక్, సైలెన్సర్, రేసింగ్ బ్రేక్ ప్యాడ్‌లు. అన్నీ ఒక్క విడతలో బిగించేశాను. ఫొటోల్లో కారు అదిరిపోయింది. ఇన్‌టేక్ వల్ల చప్పుడు పెరిగింది, వేగం పెరిగినట్టు చెవికి అనిపించింది. చెవికి మాత్రమే.

రెండో పోటీ రోజు సేఫ్టీ చెకింగ్‌లోనే మొదటి దెబ్బ తగిలింది. ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. బరువు తగ్గుతుందని చిన్న బ్యాటరీ పెట్టాను గానీ, పాత క్లాంప్ దానికి సరిపోలేదని గమనించలేదు. చూసినాయన చేత్తో కదిపితే ఊగిపోయింది. "దీన్ని కట్టుకుని రా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఎవరి దగ్గరో బెల్టు అరువు తెచ్చి గట్టిగా బిగించి, ఫ్లోర్ మ్యాట్‌లూ నీళ్ల సీసా తీసేసి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో 100 న్యూటన్ మీటర్లకి మళ్లీ సరిచూసుకుని వెళ్లాను. ఆ తర్వాత జరిగిందే పైన చెప్పిన స్పిన్. ఆ రోజు నాలుగు రౌండ్లలో రెండు అలాగే పోయాయి.

మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనదీ ఇదే మోడల్, చూడటానికి కూరగాయలకి వెళ్లొచ్చే బండిలా ఉంటుంది. అందరం అన్నా అనే పిలుస్తాం. నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం పైన సందులోకి తొంగిచూసి, జేబులోంచి రెండు జిప్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) తీసిచ్చారు.

"తమ్ముడూ, వీటిని షాక్ అబ్జార్బర్ రాడ్‌లకి కట్టు. ముందొకటి, వెనకొకటి. ఒక రౌండ్ వెళ్లొచ్చి ఎక్కడ ఉన్నాయో చూడు."

అంతే, ఇంకేమీ చెప్పలేదు. నాకేమో కాస్త ఉక్రోషం. ఇంత ఖర్చు పెట్టినవాడికి రెండు జిప్ టైలా?

సస్పెన్షన్ ఎంత నొక్కుకుంటే జిప్ టై రాడ్ మీద అంత పైకి జరుగుతుంది. రౌండ్ అయ్యాక చూస్తే వెనక రాడ్ మీద జిప్ టై పైకంటా జరిగి, సస్పెన్షన్‌ని చివర్లో ఆపే బంప్ స్టాప్ రబ్బరులో కూరుకుపోయి ఉంది. ముందుదీ ఇంచుమించు అదే పరిస్థితి. సంగతేమిటంటే, చక్రం పైకి లేవడానికి ఈ కారులో అసలే చోటు తక్కువ. నేను పొట్టి స్ప్రింగ్‌లు వేసి ఆ ఉన్నది కూడా మింగేశాను, బంప్ స్టాప్‌లు మాత్రం పాతవే, పొడుగ్గా ఉన్నవే ఉంచాను. మలుపులో కారు ఒరిగి బయటి వెనక చక్రం మీద బరువు పడగానే సస్పెన్షన్ రబ్బరుకి గుద్దుకునేది. అప్పటిదాకా మెత్తగా ఉన్న స్ప్రింగ్ ఉన్నట్టుండి రాయిలా మారినట్టు. ఆ క్షణంలో బరువంతా ఆ ఒక్క టైరు మీద పడి, దాని పట్టు జారిపోయి, కారు వెనక భాగం ముందుకి వచ్చేసేది. నేను స్టీరింగ్ సరిచేసేలోపే అంతా అయిపోయేది.

దానికి తోడు లావు యాంటీ రోల్ బార్. అది కారు ఒరగకుండా ఆపుతుంది, నిజమే. కానీ ఆపేది లోపలి చక్రాన్ని పైకి లాగడం ద్వారా. నా కారులో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళుతుంది, దాన్ని ఆ రెంటికీ పంచేది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. ఒక చక్రానికి పట్టు పోతే రెండోదానికీ శక్తి అందదు. మలుపు దాటి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా లోపలి వెనక చక్రం నేల విడిచి సాము చేస్తోంది. పొగ మాత్రం బాగా వచ్చేది, ఫొటోగ్రాఫర్‌కి నచ్చింది.

విప్పడానికి కూర్చున్నాను. బిగించినప్పటికన్నా విప్పేటప్పుడే ఎక్కువ నేర్చుకున్నాను. సస్పెన్షన్ ఆర్మ్‌ల బోల్టులు కారు జాక్ స్టాండ్ల మీద గాల్లో ఉండగానే ఫుల్ టైట్ చేసేశానని అప్పుడు తెలిసింది. వాటి రబ్బరు బుష్‌లు బిగించిన చోటే పట్టుకుపోతాయి. కారు కిందికి దిగగానే రోజంతా మెలిపడి ఉంటాయి. ముందు వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) మార్చే ఎక్సెంట్రిక్ బోల్టుల్లో ఒకటి తుప్పు పట్టి లోపలి స్లీవ్‌తో ఒకటైపోయింది. తుప్పు వదిలించే నూనె కొట్టడం, కాసేపు ఆగడం, తిప్పడం, తిట్టుకోవడం. ఆ ఒక్క బోల్టుకి ఒక ఆదివారం పోయింది. ఆర్మ్ కొంటే ఇంత బాధ ఉండదని తర్వాత చెప్పారు. ముందు చెప్పొచ్చుగా!

స్ప్రింగ్‌లు విప్పడానికి ఇంకో కారణం కూడా దొరికింది. అన్న పుణ్యమా అని నిబంధనల పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను. మా మొదటి మెట్టు తరగతిలో షాక్ అబ్జార్బర్‌లు మార్చుకోవచ్చు, యాంటీ రోల్ బార్ ఒకటి మార్చుకోవచ్చు, ప్యాడ్‌లు మార్చుకోవచ్చు. స్ప్రింగ్‌లు మారిస్తే మాత్రం పై తరగతికి పోతాం. అక్కడ ఉండేవి కారు పొట్ట దాకా మార్చేసిన బళ్లు. అంటే కారును చెడగొట్టుకున్నదీ నేనే, ఆ చెడిన కారును ఇంకా గట్టివాళ్ల మీదికి తోలుకెళ్లిందీ నేనే.

రేసింగ్ బ్రేక్ ప్యాడ్‌లూ వెళ్లిపోయాయి. బాగా వేడెక్కితే తప్ప అవి సరిగ్గా పనిచేయవు, నిమిషం రౌండ్‌లో అంత వేడి ఎక్కడిది? మామూలు మంచి ప్యాడ్‌లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వేశాను. 17 అంగుళాల చక్రాలు బరువు తప్ప ఏమీ ఇవ్వలేదు, ఈ కారుకి ఒరిజినల్‌గా వచ్చిన 15 అంగుళాలే నయం.

ఇక ఒక్కొక్కటిగా. ఒక పోటీకి ఒకే మార్పు అని నియమం పెట్టుకున్నాను. టైర్లతో మొదలు. ట్రెడ్‌వేర్ అంకె (ఇది తగ్గేకొద్దీ టైరు త్వరగా అరుగుతుంది, పట్టు సాధారణంగా పెరుగుతుంది) 200 ఉన్నవి, సైజు 205/50 ఆర్15. ఆ మొదటి రౌండ్ ఇంకా గుర్తుంది. బ్రేక్ తొక్కాల్సిన చోటు నేననుకున్నదానికన్నా మలుపుకి చాలా దగ్గరగా జరిగిపోయింది. నేను కొన్న భాగాలన్నీ కలిపి ఇవ్వలేనిది ఈ నాలుగు రబ్బరు చక్రాలు ఇచ్చాయి. గాలి ఎంత పెట్టాలన్నదానికి టైరు అంచు మీద సుద్దముక్కతో గీతలు గీసేవాణ్ని. సుద్ద పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువ, టైరు భుజం (నేలను తాకే భాగం అంచు) మీద ఏమాత్రం చెరగకపోతే ఎక్కువ. 36 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, వేడి మీద 31 దగ్గర ఆగాను.

తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఒరిజినల్ ఎత్తులో ముందు చక్రాలకి నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఒకటిన్నర డిగ్రీ వచ్చేసరికే బోల్టు చివరికి చేరింది. వెనక కూడా అంతే పెట్టించాను. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, ముందు సున్నా, వెనక కాస్త లోపలికి. ఆ మెకానిక్‌కి నేను కాగితం మీద రాసిచ్చిన అంకెలు చూసి అనుమానం. "ఇలా పెడితే టైర్లు లోపలి వైపు అరుగుతాయి సార్" అన్నాడు. అరగనీ అన్నాను. ఆ తర్వాత సర్దుబాటు చేసుకునే షాక్ అబ్జార్బర్‌లు, చివరగా ముందు లావుపాటి యాంటీ రోల్ బార్. వెనకది ఒరిజినలే. ముందు బార్ లావైతే కారు తిరగనని మొండికేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. కొంచెం నిజమే. కానీ లోపలి వెనక చక్రం నేల మీద ఉండటం వల్ల నాకు దక్కింది, పోయినదానికన్నా ఎక్కువ.

మార్పు పనిచేసిందో లేదో తెలుసుకోవడమే ఇందులో అసలు చిక్కు. ప్రతి పోటీకీ దారి కొత్తగా వేస్తారు కాబట్టి పోయిన నెల టైముతో పోల్చడం కుదరదు. నేను ఆ పెద్దాయన టైమును కొలబద్దగా పెట్టుకున్నాను. ఏమీ మార్చని కారుతో మొదటి పోటీలో ఆయనకన్నా 8 శాతం వెనక. అన్నీ బిగించిన రోజు 11 శాతం. టైర్లు మార్చాక 6. అలైన్‌మెంట్‌తో 5. షాక్ అబ్జార్బర్‌లూ బార్ కలిపి 4 దాకా తెచ్చాయి. అక్కడ ఆగిపోయింది.

ఆ మిగిలిన నాలుగు శాతం సంగతి అడిగితే అన్న నా కారు ఎక్కారు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నారు. హెల్మెట్‌తో ఆయన తల పైకప్పుకి తగులుతోంది. నేను సీటు ఫోమ్ కొంత కోసి తీసేసింది డ్రైవర్ వైపే గానీ, ఆయన నాకన్నా జానెడు పొడుగు. వంగి కూర్చునే, తన కారులో వచ్చిన టైముకి సెకను అటూఇటూగా తెచ్చేశారు. నేను కళ్లార్పకుండా చూసింది ఆయన చూపునే. కోన్ దగ్గర ఉండగా దాన్ని చూడటం లేదు, దాని తర్వాతి రెండోదాన్ని చూస్తున్నారు. చేతులు నాకన్నా నెమ్మది. ఆ తర్వాత ఆరు నెలలు కారుకి స్పానర్ తగల్లేదు, పోటీకి ముందు దారిని కాలినడకన మూడేసి సార్లు తిరిగాను. ఇప్పుడు రెండున్నర శాతం దగ్గర ఉన్నాను.

పొట్టి స్ప్రింగ్‌లు అమ్మకానికి పెడితే పోయిన వారం ఒక కుర్రాడు వచ్చాడు. అదే మోడల్, ఇంకా ఒక్క పోటీకీ వెళ్లలేదట. జరిగిందంతా చెప్పాను, బంప్ స్టాప్‌ల గురించి రెండుసార్లు చెప్పాను, ఒకసారి ఉన్న కారుతోనే వచ్చి చూడమన్నాను. అన్నిటికీ తలూపి, "కిందికి దించితే లుక్ బాగుంటుందన్నా" అని డబ్బు చేతిలో పెట్టాడు. స్ప్రింగ్‌లు డిక్కీలో సర్దుతూ రెండు జిప్ టైలు కూడా వేశాను. అవి ఎందుకని అడిగాడు. పోటీ రోజున చెబుతానన్నాను.