బీరువా తలుపు ‘టప్’మనకుండా: నా అనుభవం

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో బీరువాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో నేను క్వాలిటీ చూస్తాను. పోయిన మాఘమాసంలో సాలూరు నుంచి ఒక బీరువా వెనక్కి వచ్చింది. ఆడపిల్ల సారెలో పెట్టడానికి కొన్నది. రంగు బాగుంది, తాళం బాగుంది. కానీ తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కితే ‘టప్’మని లోపలికి పోతోంది, వదిలితే మళ్లీ ‘టప్’మని బయటికి వస్తోంది. నలుగురూ చూస్తుండగా అలా మోగితే ఆ పిల్ల తండ్రికి ఎంత చిన్నతనం! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు గోడౌన్‌లో ఉన్న ఇరవై తలుపులూ నొక్కి చూశాను. ఏడు మోగాయి.

తలుపులో పెద్ద నిర్మాణం ఏమీ లేదు. 0.8 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకు, దాని వెనక నిలువుగా 1600 మి.మీ. చానల్, అంటే బలానికి పెట్టే మడిచిన రేకు పట్టీ. రెండింటినీ పెడల్ మిషన్ మీద 200 మి.మీ.కి ఒకటి చొప్పున ఎనిమిది స్పాట్లతో కలుపుతాం. కాలితో పెడల్ తొక్కితే మిషన్ రెండు రేకుల్నీ అదిమి, కరెంటు పారించి, అక్కడ ఒక చుక్క కరిగించి అతికిస్తుంది. ఆ అతుకే స్పాట్.

రేకు వేడికి వంగుతోందని అందరం అనుకున్నాం. నేనూ అదే నమ్మి, వేడికి, బలానికి లోహం ఎలా వంగుతుందో లెక్కించే, ఉచితంగా దొరికే కాల్క్యులిక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేడి లెక్క మొదలుపెట్టాను. రెండు వారాలు దాని మీదే పోయాయి. స్పాట్‌కి కరెంటు పారేది పది సైకిళ్లు, అంటే మన 50 హెర్ట్జ్ సప్లైలో 0.2 సెకను. కరిగేది బఠాణీ గింజ కన్నా చిన్న చుక్క. లెక్కలో స్పాట్ చుట్టూ కొద్దిగా లాగింది తప్ప, తలుపంత పొడుగునా ఉబ్బు రాలేదు.

తర్వాత వేడి వదిలేసి, రేకునీ చానల్‌నీ ఒక్కో స్పాట్ దగ్గర నొక్కి కలపడం మాత్రమే లెక్కించాను. ఈసారి ఉబ్బు సున్నా. డ్రాయింగ్‌లో రేకు గీత గీసినట్టు చదునుగా ఉంది కదా, ఇక ఉబ్బడానికి ఏముంది? అప్పుడు షాప్‌లోకి వెళ్లి, అసలు రేకుని చానల్ మీద పడుకోబెట్టి ఎనిమిది చోట్లా సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టాను. చివర్ల తాకుతోంది, మధ్యలో రెండు మిల్లీమీటర్లు లేచి ఉంది. చుట్ట విప్పిన రేకుకి ఆ వంపు ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. ఈ పని మొత్తంలో నాకు దక్కిన అసలైన సమాచారం ఆ ఎనిమిది కొలతలే.

అవి లెక్కలో పెట్టాక ఫలితం మరీ అందంగా వచ్చింది. అనుమానం వచ్చి స్క్రీన్ మీద అడ్డంగా కోసి చూస్తే, రేకు చానల్‌లోకి దూరిపోయి అవతల తేలింది! రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతాయని, దూరిపోలేవని కంప్యూటర్‌కి మనమే చెప్పాలి. ఆ కాంటాక్ట్ షరతు పెట్టాక గానీ ‘టప్’మనే ఉబ్బు నాకు తెర మీద కనబడలేదు.

కారణం వరసలో ఉంది. మా దగ్గర ముందు రెండు చివర్లా స్పాట్ కొట్టి, తర్వాత మధ్యకి వచ్చేవాళ్లు. చివర్లు బిగిశాక వంపులో ఉన్న అదనపు పొడవు ఎటూ పోలేదు. ఆ అదనం ఎంతో తెలుసా? 1400 మి.మీ.లో రెండు మి.మీ. వంపుకి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా లేదు. కానీ అదంతా ఆఖరున రెండు స్పాట్ల మధ్య ఇరుక్కుంటే అక్కడ ముప్పావు మిల్లీమీటరు ఉబ్బు లేస్తుంది. పుస్తకానికి అట్ట అంటించేటప్పుడు మధ్య నుంచి అంచులకి రాస్తాం కదా, అదే సూత్రం ఇక్కడా.

సరే, మంచి వరస ఏది? ఎనిమిది స్పాట్లకి 40,320 వరసలు. నా లాప్‌టాప్‌లో ఒక్క స్పాట్ లెక్కకి రెండు నిమిషాలు. అంటే ఒక్కో వరసకి పదహారు నిమిషాలు, అన్నీ చూడాలంటే 448 రోజులు. అందుకని ప్రతి మెట్టులో, మిగిలిన స్పాట్లలో ఏది కొడితే ఉబ్బు తక్కువో అదే ఎంచుకుంటూ పోయాను. ఎనిమిది, ఏడు, ఆరు... మొత్తం 36 లెక్కలు, గంటా పన్నెండు నిమిషాలు. అన్నిటికన్నా మేలైన వరస ఇలాగే దొరుకుతుందన్న హామీ లేదు, మా పనికి మాత్రం చాలు. స్పాట్లకి ఒక చివర నుంచి అంకెలు వేస్తే, నాలుగు, అయిదు, మూడు, ఆరు, రెండు, ఏడు, ఒకటి, ఎనిమిది అని వచ్చింది.

కాగితం పట్టుకెళ్లి మా హెడ్ వెల్డర్‌కి చూపించాను. “ఏటి బాబూ, మిషన్ కదలదు కదా. ప్రతి స్పాట్‌కీ తలుపుని అటూ ఇటూ ఈడిస్తే మా నడుములు ఉంటాయేటి?” అన్నాడు. నిజమే. ఆ మాట నేను ముందే అడిగి ఉండాల్సింది. “మరి ఎలా అయితే వీలు, బాబాయ్?” అంటే, మధ్య నుంచి ఒక సగం కొట్టేసి, తలుపు తిప్పి రెండో సగం కొడతానన్నాడు. ఆ వరసనీ లెక్క వేశాను. తేడా చాలా స్వల్పం. అదే ఖాయం చేశాం.

చివర్లు బిగించకపోతే చానల్ పక్కకి జరుగుతుంది. దానికి జిగ్‌లో, అంటే పని కదలకుండా పట్టి ఉంచే చట్రంలో, రెండు వైపులా ఆపు పెట్టి, పొడుగు వైపు మాత్రం జరగడానికి ఖాళీ వదిలాం. ఇంకో లాభం కూడా కలిగింది. గ్యాప్ ఉన్నచోట పెడల్ బలంలో కొంత రేకుని అదమడానికే పోయి నిప్పురవ్వలు చిమ్మేవి, ఇప్పుడవి తగ్గాయి. స్పాట్‌ని ఉలితో ఊడగొట్టి చూస్తే బటన్, అంటే ఊడకుండా అతుక్కుని మిగిలే లోహపు బిళ్ల, 4 మి.మీ. దాటి వస్తోంది. ఈ మందానికి 3.6 ఉంటే చాలు.

తర్వాతి ఇరవై తలుపుల్లో ఒక్కటే మోగింది. దాని రేకు అంచు దించుకోవడంలోనే నొక్కుకుపోయింది. సాలూరు వాళ్లకి కొత్త బీరువా ఆటో ఎక్కించే ముందు బాబాయ్ తలుపంతా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. తర్వాత జిగ్ మీద నాలుగో స్పాట్ దగ్గర ఎర్ర పెయింట్‌తో ఒకటి అంకె వేశాడు.