జైల్లో కోవిడ్: రిజిస్టర్‌లో ఏం రాయించుకోవాలి

విచారణ ఖైదీగా ఉన్నప్పుడు నాకు కోవిడ్ దగ్గుతో బయటపడలేదు, బకెట్ నీళ్లు మోసేసరికి వచ్చిన ఆయాసంతో బయటపడింది. అలాంటప్పుడు వెంటనే ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) అడగాలి. కూర్చుని ఒకసారి, బ్యారక్‌లో ఆరు నిమిషాలు నడిచి మరోసారి చూడాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తగ్గినా, నడిచాక మూడు నాలుగు అంకెలు పడిపోయినా పారాసిటమాల్ ఇచ్చి పంపేసే కేసు కాదది. వేళ్లు చల్లబడితే మీటర్ తప్పు చూపిస్తుంది, చేతులు రుద్దుకుని పెట్టాలి. పెద్దాసుపత్రికి పంపేదాకా బోర్లా పడుకుంటే ఊపిరి కాస్త ఆడుతుంది.

ఆ అంకె, తేదీ, టైము జైలు ఓపీ రిజిస్టర్‌లో పడాలి. జైలు నివేదికలో 'ఆరోగ్యం నిలకడగా ఉంది' అని మాత్రమే రాస్తే లాయరు మొదట ఆ వాక్యాన్నే పట్టుకోవాలి: నిలకడగా అంటే ఎంత?

2020 మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో హైపవర్ కమిటీ వేయమంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల వాళ్లను తాత్కాలికంగా వదిలే విషయం చూడమంది. ముందు ఏడాది అలా బయటికొచ్చినవాళ్లను మళ్లీ వదలమని 2021 మే 7న చెప్పింది. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల వాళ్లను మాత్రం మహారాష్ట్ర కమిటీ పక్కన పెట్టింది. వైరస్ సెక్షన్ చూసి సోకుతుందా? ఉపా కేసులో మహారాష్ట్రలోని తలోజా జైలు ఖైదీగా ఉన్న కవి వరవరరావు గారికి 2020 జులైలో పాజిటివ్ వచ్చింది, బొంబాయి హైకోర్టు ఆరు నెలల వైద్య బెయిల్ ఇచ్చింది 2021 ఫిబ్రవరి 22న. అదే కేసులో ఖైదీగా ఉన్న ఫాదర్ స్టాన్ స్వామి గారు 2021 జులై 5న, బెయిల్ తేలకుండానే ఆసుపత్రిలో పోయారు.

అందుకే అలాంటి కమిటీల జాబితా కోసం కాచుకోకుండా విడిగా మధ్యంతర బెయిల్ వేయాలి. రిజిస్టర్ నకలు, పాత బీపీ, షుగర్ చీటీలు జతచేయాలి. లాయరు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు సూపరింటెండెంట్ ద్వారా అర్జీ పెట్టొచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా ష్యూరిటీల (జామీనుదార్ల) సాల్వెన్సీ కాగితాల, అంటే ఆస్తి రుజువుల దగ్గర రోజులు పోతాయి. ఈలోగా నగదు పూచీకత్తు మీద వదలమని అదే పిటిషన్లో అడిగితే మంచిది.

బయటికొచ్చాక నీరసం వారాల తరబడి ఉంటుంది. కోవిడ్‌కిచ్చే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ వాడినవాళ్లకు షుగర్ ఎగబాకుతుంది, పరగడుపునా, తిన్నాకా చూపించుకోవాలి. బెయిల్ గడువు ముగియకముందే కొత్త పరీక్షల రిపోర్టులతో పొడిగింపు అడగాలి. పాత డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పెడితే 'కోలుకున్నారు కదా' అంటారు.