మీట నొక్కితే కళ అవుతుందా?

ఫోటో కళ కాదనేవాళ్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే. బొమ్మ వేసింది కెమెరా, మనిషి మీట నొక్కాడంతే. 1859లోనే ఫ్రెంచి కవి బోద్లేర్, ఫోటోగ్రఫీ శాస్త్రాలకూ కళలకూ ఊడిగం చేస్తే చాలన్నాడు. మీట నొక్కడం కళ కాదన్న మాట నిజమే. అయితే నొక్కేముందూ, నొక్కాకా జరిగేదాన్ని ఈ వాదన అసలు లెక్కలోకే తీసుకోదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర తీసిన చంద్రోదయం ఫోటో సంగతి చూడండి. పొద్దు వాలిపోతోంది, సమాధుల మీది తెల్ల శిలువలకు చివరి వెలుగు తగులుతోంది. వెలుగు కొలిచే లైట్ మీటర్ ఎక్కడుందో దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 కాండిల్స్ (వెలుగు కొలత) అని ఆయనకు గుర్తుంది. చంద్రుణ్ణి మధ్యస్థపు బూడిద రంగుకు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పైన ఉంచాలనుకున్నాడు. అంటే మధ్యస్థం 60 కాండిల్స్ దగ్గర పడాలి. ఫిల్మ్ స్పీడు, అంటే వెలుగును పట్టే చురుకు, 64 కాబట్టి ఎఫ్ 8 దగ్గర సెకనులో 60వ వంతు (ఎఫ్ అంకె లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది). ముదురు పసుపు ఫిల్టర్ కొంత వెలుగును ఆపుతుంది కాబట్టి సమయం మూడింతలు చేస్తే 20వ వంతు. ఎఫ్ 8 నుంచి ఎఫ్ 32కి వెళితే 16 రెట్ల సమయం కావాలి, అంటే దాదాపు ఒక సెకను. రెండో ఫిల్మ్ షీటు మీద తీసేలోపే శిలువల మీద వెలుగు పోయింది.

ఇదంతా లెక్కేగా, కళ ఎక్కడుంది అంటారా? ‘రెండు స్టాపులు పైన’ అన్నచోట ఉంది. ఆ మాట ఏ సూత్రమూ చెప్పదు. మీటర్‌కి ఏం చూపించినా మధ్యస్థపు బూడిద అనే అనుకుంటుంది. దాని మాట వింటే మంచు మురికిగా వస్తుంది, నల్లపిల్లి వెలిసిపోతుంది. ఏది ఎంత తెల్లగా ఉండాలో మనిషే తేల్చుకోవాలి.

తేల్చుకున్నది మార్చుకోవచ్చు కూడా. ఆ నెగెటివ్‌లో (ప్రింట్లకు మూలమైన ఫిల్మ్‌లో) నేల భాగం పల్చగా వచ్చింది, 1948లో రసాయనంతో దాన్ని చిక్కబరిచాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బుచారలున్నాయి. చివరి వాటిలో ఆకాశం దాదాపు నలుపు.

ఆకాశాన్ని అలా ముదర్చడాన్ని బర్నింగ్ అంటారు. ఫోటో కాగితం మీద ఎంత వెలుగు పడితే అంత నలుపు. నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ కింద కాగితం మొత్తానికి 12 సెకన్లు వెలుగు ఇచ్చాక, అట్టతో నేలను కప్పి ఆకాశానికి ఇంకో 12 ఇస్తే అక్కడ ఒక స్టాపు ఎక్కువ పడుతుంది. అట్టను కాగితానికి ఆనించకుండా, లెన్సుకూ కాగితానికీ మధ్య ఆడిస్తూనే ఉండాలి. చెయ్యి ఆగితే గీత పడుతుంది. భయపడి కొండ అంచుకు దూరంగానే ఉంచితే కొండ చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మాస్కు (మార్చాల్సిన భాగాన్ని వేరుచేసే హద్దు) సరిగ్గా వేయనివాళ్ల ఫోటోల్లో కనిపించేదీ ఇదే.

కోర్టులు ఈ తగువును కాపీరైట్ వైపు నుంచి చూశాయి. (కాపీరైట్ ఉన్నదల్లా కళ అయిపోదనుకోండి.) ఫోటోగ్రాఫర్ నెపోలియన్ సరోనీ తీసిన రచయిత ఆస్కార్ వైల్డ్ ఫోటోను ఒక లితోగ్రఫీ (రాతి అచ్చు) కంపెనీ అచ్చేసుకుంటే, 1884లో అమెరికా సుప్రీంకోర్టు సరోనీ పక్షాన నిలిచింది. కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, తెరలు, వెలుగునీడలు, ముఖంలో రప్పించిన భావం అన్నీ ఆయన ఊహేనంది. 1999లో బ్రిడ్జ్‌మన్ అనే కళాచిత్రాల సంస్థ వేసిన కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, పాత పెయింటింగులను ఉన్నదున్నట్టు తీసిన ఫోటోలకు కాపీరైట్ లేదంది. ఆ పనికి నైపుణ్యం తక్కువేం కాదు. రెండువైపులా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టాలి, మెరుపు పోవడానికి పోలరైజర్లు వాడాలి, రంగులు సరిచూడాలి. కానీ అక్కడ ఫోటోగ్రాఫర్ సొంత అభిరుచి కనిపించిందంటే పని చెడినట్టే.

మరి వీధిలో అదృష్టం కొద్దీ దొరికే ఫోటోల మాటేమిటి? ఫోటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955-57 మధ్య అమెరికా అంతా తిరిగి దాదాపు 27,000 ఫ్రేములు తీశాడు. వాటిలోంచి ఏరి వేసిన పుస్తకంలోకి వెళ్లినవి 83. మిగతావాటిలోనూ అదే కెమెరా, అదే వేలు.