నోటీసులో ఆ రెండు కాలమ్‌లు

"అక్కా, ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది." తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మెయిల్‌లో లింకు జోలికి పోకుండా నేరుగా ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయ్యాం. నోటీసు అక్కడా ఉంది. పైన సెక్షన్ 143(1) అని ఉంది. అంటే సోదా కాదు, కేసూ కాదు. రిటర్న్‌ను సిస్టమ్ సరిచూసి పంపే లెక్క, అంతే.

అందులో రెండు కాలమ్‌లు ఉంటాయి. ఒకటి మనం చూపింది, రెండోది వాళ్లు లెక్కకట్టింది. ఒక్కో వరుస వేలు పెట్టి చూసుకుంటూ పోతే టీడీఎస్ దగ్గర తేడా దొరికింది. జీతంలో కోసిన పన్ను కంపెనీ ఇచ్చే ఫారం 16లో ఉంది, మన పేరున జమైన పన్నును చూపే పన్ను శాఖ పట్టిక 26ఏఎస్‌లో పడలేదు. అందుకే ఆ పన్ను మళ్లీ కట్టమని డిమాండ్ వేశారు.

నాకు నిజంగా కోపం వచ్చింది. కోసుకున్నది కంపెనీ, నిద్ర పట్టనిది వీడికి! అలా కోసిన పన్నును మళ్లీ ఉద్యోగిని కట్టమనకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 205 ఉంది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? చాలామంది భయపడి కట్టేస్తారు.

డిమాండ్‌కు ఒప్పుకోవడం లేదని కారణం రాసి పంపాం. టీడీఎస్ రిటర్న్ సవరించమని కంపెనీకి మెయిల్ పెట్టించాను. అది 26ఏఎస్‌లో కనబడగానే నోటీసులో లెక్క సరిదిద్దమని రెక్టిఫికేషన్ వేయాలి.