పాత ఈసీజీ కాగితం

నేను ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్‌ని, అంటే మైదానం మధ్యలో ఆడేవాణ్ణి. పందొమ్మిదేళ్లకు ఇల్లు వదిలి, పద్నాలుగేళ్లలో అయిదు దేశాల్లో తొమ్మిది క్లబ్బులకు ఆడాను. ఎక్కువగా రెండో, మూడో శ్రేణి లీగులే. ఒక సీజన్‌కో, రెండు సీజన్లకో సంతకం పెట్టడం, గడువు తీరగానే పెట్టె సర్దుకోవడం. కొత్త దేశం వెళ్లిన ప్రతిసారీ ముందుగా నేర్చుకునే మాటలు అవే: వెనకాల మనిషున్నాడు, తిరుగు, టైముంది, వదిలెయ్. ఆ నాలుగూ వస్తే మైదానంలో బతికిపోవచ్చు. కానీ ఆ అయిదు భాషల్లో ఒక్కదానిలోనూ 'నాకు నొప్పిగా ఉంది' అనడం నేర్చుకోలేదు. ఆ అవసరం రాకుండా చూసుకోవడమే నా వృత్తిలో సగం అనుకునేవాణ్ణి.

2024 ఫిబ్రవరిలో జలుబు చేసి జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో తగ్గింది, నాలుగో రోజు ప్రాక్టీసుకు వెళ్లాను. నా కాంట్రాక్ట్ జూన్‌తో ముగుస్తుంది. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా నిబంధనల ప్రకారం చివరి ఆరు నెలల్లో మరో క్లబ్బుతో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. అంటే నాలాంటివాడికి జనవరి నుంచి ఆడే ప్రతి మ్యాచ్ ఒక పరీక్షే. ఆ నెలల్లో ఒంట్లో బాగాలేదన్న కబురు బయటికి పొక్కితే ఏజెంట్‌కు వచ్చే ఫోన్లు ఆగిపోతాయి.

రోజూ నిద్ర లేవగానే నాడి లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. ఎప్పుడూ 46, 48 ఉండేది. ఆ వారం 68 వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఛాతీలో పోటు, లేచి ముందుకు వంగి కూర్చుంటే సర్దుకునేది. ఫిజియో అడిగితే నిద్ర చాలడం లేదన్నాను. పదిరోజులు అలాగే ఆడాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి.

రెండో మ్యాచ్‌లో, ఇంచుమించు అరవయ్యో నిమిషంలో గుండె దడ మొదలైంది. పరుగు ఆపినా అది ఆగలేదు. చూపు అంచుల నుంచి చీకటి కమ్ముకొచ్చింది. నన్ను మార్చమని చెయ్యెత్తి అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. బెంచీ దగ్గర ఫిజియో నా మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. నిమిషం గడిచింది. ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. నా ముఖంలోకి చూడలేదు.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. ట్రోపోనిన్ బాగా పెరిగింది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రొటీన్ అది. ఈసీజీలో కొన్ని అలలు తలకిందులుగా ఉన్నాయి. ఏళ్ల తరబడి పరుగెత్తినవాళ్ల గుండె మామూలు గుండెలా ఉండదని, గదులు పెద్దవై, గోడలు కాస్త మందమై, ఈసీజీ కూడా వేరుగా కనిపించవచ్చని డాక్టరమ్మ వివరించింది. ఈ తేడా జ్వరం తర్వాత వచ్చినదా, లేక పుట్టుకతో వచ్చిన కండర వ్యాధి ఇన్నాళ్లూ దాగి ఉందా అన్నది తేలాలి. మొదటిదైతే మానవచ్చు. రెండోదైతే ఆట అక్కడితో ముగిసినట్టే.

"మీ పాత ఈసీజీ ఏదైనా ఉందా?" అని అడిగింది.

తొమ్మిదిసార్లు తీశారు. వైద్యపరీక్ష నెగ్గితేనే కాంట్రాక్ట్ చెల్లుతుందన్న షరతు పెట్టడానికి ఫిఫా ఒప్పుకోదు. అందుకే క్లబ్బులు సంతకానికి ముందే ఒళ్లంతా తనిఖీ చేయిస్తాయి. తొమ్మిదిసార్లు ఛాతీకి ఆ చల్లని పట్టీలు అంటించుకున్నాను, ఒక్క కాగితం కూడా అడిగి తీసుకోలేదు. ఏ క్లబ్బైనా నన్ను ఒకటి రెండేళ్లే చూసింది. నా శరీరం కథ మొదటి నుంచి తెలిసినవాడు నేనొక్కడినే, నేనేమో దాన్ని దాచడంలోనే ఆరితేరాను.

మంచం మీద నుంచే ఫోన్లు చేశాను. ఒక క్లబ్బు మూతపడింది. ఇంకోచోట ఎవరూ ఎత్తలేదు. ఆరేళ్ల కిందటి క్లబ్బులో ఫిజియోగా పనిచేసిన పెద్దాయన గుర్తొచ్చాడు. అక్కడి నుంచి వచ్చేశాక ఆయనకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. సిగ్గుపడుతూనే చేశాను. ఆయన ఏమీ అనలేదు, నా చేత అనుమతి పత్రం రాయించుకుని, క్లబ్బు బీరువా తీయించి, సాయంత్రానికల్లా ఈసీజీ ఫోటో పంపాడు. డాక్టరమ్మ దాన్ని ప్రింటు తీసి నా దుప్పటి మీద కొత్తదాని పక్కన పరిచింది. పెన్నుతో ఒక్కో గీతా పోల్చుతూ వెళ్లింది. పాతదాంట్లో ఆ అలలన్నీ నిటారుగా ఉన్నాయి. మర్నాడు ఎంఆర్‌ఐలో వాపు కనిపించింది. మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు. చాలావరకు వైరస్‌ల వల్లే వస్తుందట. ఆ వాపుతో పరుగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. నేను సరిగ్గా అదే చేశాను.

2003లో లియాన్‌లో కామెరూన్ మిడ్‌ఫీల్డర్ మార్క్ వివియన్ ఫోయె మైదానం మధ్యలో కూలిపోవడం టీవీలో చూశాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆసుపత్రిలో ఆ రాత్రంతా అదే దృశ్యం కళ్లముందు మెదిలింది. తర్వాతి రోజుల్లో కెనడా ఆటగాడు అల్ఫాన్సో డేవిస్ గురించి చదివి ధైర్యం తెచ్చుకున్నాను. 2022 జనవరిలో అతనికి ఇదే జబ్బు బయటపడింది, ఏప్రిల్‌లో మళ్లీ ఆడాడు. డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ సంగతి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. 2021లో గుండె ఆగి బతికి బయటపడ్డాక అతనికి ఛాతీలో డీఫిబ్రిలేటర్ అమర్చారు, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం అది. దానితో ఆడటానికి ఇటలీ నిబంధనలు ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బుకు ఆడగలిగాడు. అదే గుండె ఒక దేశంలో చెల్లదు, మరో దేశంలో చెల్లుతుంది. దేశాలు మారుతూ పొట్ట పోసుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఆరు నెలలు పరుగు వద్దన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు. నడక ఒక్కటే. జూన్‌లో కాంట్రాక్ట్ ముగిసింది, క్లబ్బు పొడిగించలేదు. జట్టులో ఎడమవైపు డిఫెన్స్ ఆడే ఇరవై ఏళ్ల కుర్రాడు ప్రతి ఆదివారం వచ్చి నాతో పాటు నడిచేవాడు. అతని భాష నాకు అంతంత మాత్రం. ఆ నడకల్లోనే ఆయాసం, భయం, నెమ్మదిగా వెళ్దాం అన్న మాటలు అతని దగ్గర నేర్చుకున్నాను. ఒక ఎత్తు దగ్గర ఆగి మొదటిసారి 'ఇక్కడ నొప్పిగా ఉంది' అని ఆ భాషలో అన్నాను. అతను నా ఉచ్చారణ సరిచేసి, పక్కనే గట్టు మీద కూర్చోబెట్టాడు.

సెప్టెంబరులో మళ్లీ ఎంఆర్‌ఐ, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఇరవై నాలుగు గంటలూ ఒంటికి తగిలించుకుని గుండె లయను నమోదు చేసే హోల్టర్. వాపు పోయింది. చిన్న మచ్చ మిగిలింది. లయలో తేడా లేదు. ఏటేటా పరీక్షలు చేయించుకుంటూ ఆడవచ్చన్నారు. ఆ సాయంత్రం పార్కులో రెండు నిమిషాలు మెల్లగా పరుగెత్తి, ఆగి, నాడి పట్టుకుని, అది దిగే వరకు నిలబడ్డాను. తర్వాత మూడు నిమిషాలు.

2025 జనవరిలో పదో క్లబ్బు పిలిచింది. వైద్యపరీక్షకు ముందు ఇచ్చిన ఫారంలో ఎప్పుడూ ఉండే ప్రశ్నే ఉంది: ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చిందా? తొమ్మిది క్లబ్బుల్లో 'లేదు' దగ్గర గీత గీసిన చేత్తో 'అవును' అని రాసి, నా ఫైలు టేబుల్ మీద పెట్టాను. డాక్టరు మొదటి కాగితం నుంచి చివరి దాకా చదివాడు. చాలాసేపు పట్టింది. తర్వాత చొక్కా విప్పమన్నాడు. పట్టీలు ఎప్పటిలాగే చల్లగా ఉన్నాయి. యంత్రంలో నుంచి కాగితం బయటికి వస్తుండగా, నాకూ ఒక ప్రతి కావాలని ఆయన భాషలోనే అడిగాను.