గేటు దగ్గర సంతకం పెట్టేముందు

పదకొండేళ్లు ఒకరి దగ్గర డ్రైవరుగా చేశాక సొంత ట్రైలర్ కొనుక్కున్నాను. పోర్టు పని కొత్తేమీ కాదు కదా అనుకున్నాను. బండి నడపడం వరకు నిజమే. కాగితాల సంగతి మాత్రం అన్నేళ్లూ ఆఫీసువాళ్లు చూసుకున్నారు. ఇప్పుడు ఆ పనీ నామీదే పడింది.

రెండో నెలలో ఓ రాత్రి, జోరు వానలో, నలభై అడుగుల దిగుమతి కంటైనర్ ఎత్తాను. క్రేన్ బాక్సును ట్రైలర్ మీదికి దించింది. నాలుగు మూలలా ట్విస్ట్‌లాకులు బిగించాను. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. గేటులో ఇచ్చిన చీటీ మీద గబగబా సంతకం పెట్టి బయటపడ్డాను.

సరుకు దింపి, మూడో రోజు ఖాళీ బాక్సు యార్డుకు తీసుకెళ్లాను. అక్కడి సర్వేయర్ ఎడమ పక్క రేకు మీద టార్చి వేశాడు. ముందు మూల స్తంభానికి జానెడు దూరంలో లోతైన సొట్ట. అంచుల్లో రంగు లేచిపోయి తుప్పు పట్టింది. మూడు రోజుల్లో అంత తుప్పు పట్టదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ నా చీటీలో డ్యామేజీ గడి ఖాళీగా ఉంది. "తీసుకున్నప్పుడు బాగానే ఉందని మీరే సంతకం పెట్టారండీ" అన్నాడు. మరమ్మతు ఖర్చు నా బాడుగలోంచి కోశారు. ఆ ట్రిప్పులో డీజిల్ డబ్బులు కూడా మిగల్లేదు.

ఆ చీటీ పేరు ఈఐఆర్. బాక్సు ఏ స్థితిలో చేతులు మారిందో చెప్పే కాగితం అదే. ఆ రోజు నుంచి ఎవరెన్ని హారన్లు కొట్టినా సరే, టార్చి పట్టుకుని చుట్టూ తిరగనిదే సంతకం పెట్టను. తలుపు మీద బాక్సు నంబరు ఉంటుంది, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. వాటిని చీటీతో ఒక్కో అంకె చొప్పున సరిచూస్తాను. సీల్ నంబరు చూసి, సీల్‌ను చేత్తో లాగి చూస్తాను. సొట్ట కనబడితే చీటీలో రాయించి, తారీఖు పడేలా ఫొటో తీసుకుంటాను. ఎగుమతికి ఖాళీ బాక్సు తీసుకునేటప్పుడైతే లోపలికి వెళ్లి, బయట ఒకరిని నిలబెట్టి తలుపులు మూయిస్తాను. ఆ చీకట్లో కప్పులోంచి సూదిమొనంత వెలుగు కనబడినా చాలు, ఆ బాక్సు వద్దంటాను. అక్కడి నుంచే వాన నీళ్లు సరుకు మీదికి దిగుతాయి.

క్యూలో కూర్చున్నప్పుడు ఒక మాట గుర్తొస్తుంటుంది. ఈ బాక్సుల రవాణాకు దారి వేసినవాడు లారీల వ్యాపారం నుంచే వచ్చాడు. 1956లో మాల్కమ్ మెక్లీన్ 58 బాక్సులను 'ఐడియల్ ఎక్స్' ఓడ మీద నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆ పద్ధతి పాకాక ఓడ రేవులో ఆగే రోజులు బాగా తగ్గాయి. గేటు బయట మా పడిగాపులు మాత్రం తప్పలేదు. సొంత బండివాడికి అసలు నష్టం అక్కడే. బండి కదలకపోయినా కిస్తీ ఆగదు.

అందుకే లోడు ఒప్పుకునే ముందే బ్రోకర్‌ని అడుగుతాను. ఖాళీ బాక్సు ఏ యార్డులో అప్పగించాలి? డిటెన్షన్, అంటే బాక్సు ఆలస్యంగా అప్పగిస్తే పడే రుసుము, ఏ రోజు నుంచి మొదలవుతుంది? ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్, అంటే బండి ఆగినందుకు డబ్బులు, ఇస్తారు? జవాబులు ఫోన్లో చెబితే సరిపోదు, మెసేజ్ పెట్టమంటాను. మొదట్లో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు విసుక్కుని నాకు లోడ్లు ఇవ్వడం మానేశారు. కష్టమనిపించింది, అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఈమధ్య ఒక ఎగుమతి బాక్సును గేటులో ఆపేశారు. బరువు ధ్రువీకరణ, అంటే వీజీఎం, సరుకు యజమాని పంపలేదట. 2016 జులై 1 నుంచి అది లేనిదే బాక్సును ఓడ ఎక్కించకూడదని అంతర్జాతీయ నిబంధన. ఆరు గంటలు పక్కన పెట్టించారు. లోపలికి వెళ్లిన టైము, ఆపిన టైము, వదిలిన టైము రాసుకుని, గేటు చీటీ ఫొటోతో పాటు బ్రోకర్‌కి పంపాను. ముందు కుదరదన్నాడు. ఆయన పెట్టిన మెసేజ్‌నే తిరిగి ఆయనకు పంపాను. సాయంత్రానికి హాల్టింగ్ డబ్బులు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే ఇంకో లోడు ఉందని ఆయనే ఫోన్ చేశాడు. ఈసారి గంటల లెక్క నేను అడగకముందే మెసేజ్‌లో ఉంది.